ఆటో రెన్యువల్‌కి తెలిసి తెలిసీ ఎందుకు సరే అంటారు?

ప్రశ్న ఇది: రద్దు చేసేదాకా తనంతట తానే రెన్యూ అయిపోయే సర్వీసు ఒప్పందం వల్ల చివరికి తమ జేబుకే చిల్లు అని చాలామందికి తెలుసు. అయినా సరే అంటారు, ఏళ్ల తరబడి కడుతూనే ఉంటారు. ఎందుకు? కట్టేవాళ్ల బద్ధకమా, అమ్మేవాళ్ల మోసమా?

రెండూ కొంత ఉన్నాయి. కానీ "ఒప్పుకోవడం" అనే ఒక్క మాట కింద మూడు వేరువేరు రోజులు కలిసిపోయాయి: చేరిన రోజు, డబ్బు మళ్లీ కట్ అయిన రోజు, మానేద్దామని కూర్చున్న రోజు. మొదటి రోజు మనిషి మనసులో ఉండేది మొదటి నెల మాత్రమే. రెండో రోజు అసలు ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోరు. మూడో రోజు నిర్ణయం తీసుకుంటారు గానీ అది పూర్తి కాదు. ఈ మూడింటికీ కారణాలు వేరు, మందులు వేరు. విడివిడిగా చూద్దాం.

చేరిన రోజు

ఆ రోజు కళ్లముందు ఉన్నది ఉచిత ట్రయలో, తగ్గింపు ధరో. రెన్యువల్ అనేది ఎప్పుడో వచ్చే సంగతి, పైగా ఎప్పుడైనా ఆపుకోవచ్చని అక్కడే రాసి ఉంటుంది. ఈ "ఎప్పుడైనా ఆపుకోవచ్చు" అన్న మాటకి మనం ఇచ్చుకునే విలువ చాలా ఎక్కువ, వాడుకునేది చాలా తక్కువ.

దీన్ని లెక్కగట్టి చూపించినవాళ్లు స్టెఫానో డెల్లావిగ్నా, ఉల్‌రికె మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు. 2006లో వచ్చిన వాళ్ల అధ్యయనం అమెరికాలోని మూడు జిమ్‌లలో 7,752 మంది హాజరు రికార్డుల మీద చేసింది. నెలకు 70 డాలర్లు దాటిన ఫీజు కట్టేవాళ్లు నెలకు సగటున 4.3 సార్లు వెళ్లారు. అంటే వెళ్లిన ప్రతిసారికీ 17 డాలర్లకు పైనే పడింది. అదే జిమ్‌లో పదిసార్ల పాస్ కొనుక్కుంటే ఒక్కోసారికి 10 డాలర్లతో సరిపోయేది. చివరిసారి జిమ్‌లో అడుగుపెట్టిన రోజుకీ, రద్దు చేసిన రోజుకీ మధ్య సగటున రెండు నెలలకు పైగా ఫీజు ఊరికే పోయింది.

ఈ అధ్యయనంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించే అంశం ఇంకొకటి. అక్కడ ఏడాది ఒప్పందం గడువు తీరగానే దానంతట అదే ముగిసిపోతుంది. నెలవారీ ఒప్పందం మాత్రం ఆపేదాకా సాగుతుంది, ధర కూడా కొంచెం ఎక్కువ. ఎప్పుడైనా మానేసే స్వేచ్ఛ కోసం ఆ ఎక్కువ ధర కట్టిన నెలవారీ సభ్యులే, ఏడాదికి కట్టుబడినవాళ్ల కన్నా 17 శాతం ఎక్కువగా ఏడాది దాటి కొనసాగారు. మానేసే హక్కుకి అదనంగా డబ్బిచ్చి మరీ మానలేకపోయారన్నమాట.

చేరేటప్పుడు మనిషి రెండు తప్పుడు అంచనాలు వేస్తాడు. రేపటి నేను ఇవాళ్టి నాకన్నా ఎక్కువ వాడతాడు అన్నది మొదటిది. వాడకపోతే రేపటి నేనే వెంటనే రద్దు చేసేస్తాడు అన్నది రెండోది. మొదటి తప్పు గురించి అందరూ జోకులు వేసుకుంటారు. జేబు ఖాళీ చేసేది మాత్రం రెండోదే.

అలాగని జనానికి తమ సంగతి తమకి తెలియదనుకోకూడదు. యూరప్‌లోని ఒక వార్తాపత్రిక పాఠకుల మీద జరిగిన పెద్ద ప్రయోగంలో, ఒకే తగ్గింపు ధరని కొందరికి ఆటో రెన్యువల్‌తో, కొందరికి గడువు తీరగానే ఆగిపోయే పద్ధతిలో ఇచ్చారు. ఆటో రెన్యువల్ ఉన్నచోట చేరినవాళ్లు స్పష్టంగా తగ్గారు. "నేను రద్దు చెయ్యను, నా సంగతి నాకు తెలుసు" అనుకుని మొదటే వెనక్కి తగ్గినవాళ్లు అంతమంది ఉన్నారు. అమ్మేవాళ్లు ఎక్కువగా చూసుకునేది చేరినవాళ్ల సంఖ్యనే. చేరకుండా పోయినవాళ్లు వాళ్ల లెక్కల్లో కనబడరు.

ఇక సరే అనడానికి సవ్యమైన కారణాలు కూడా లేకపోలేదు. కొన్ని సేవలు ఒక్కరోజు ఆగినా ముప్పే. కొన్నిచోట్ల ఆటో రెన్యువల్ పెట్టుకుంటే ధర తగ్గిస్తారు. చాలాచోట్ల అసలు ఇంకో దారే ఉండదు, ఆ టిక్ పెట్టకపోతే ముందుకి వెళ్లనివ్వరు.

డబ్బు కట్ అయిన రోజు

మౌనం అర్ధాంగీకారం అంటాం. ఈ ఒప్పందాల్లో అది పూర్ణాంగీకారం.

రద్దు చేయకుండా వాయిదా వేసేవాణ్ని బద్ధకస్తుడు అనే ముందు లెక్క ఒకసారి వేసి చూడండి. నెల ఫీజు 300 అనుకుందాం, ఏ దేశపు డబ్బైనా సరే. రద్దు చేయడానికి అరగంట పట్టుద్ది: పాస్‌వర్డ్ వెతకాలి, ఎక్కడ నొక్కాలో వెతకాలి, చాట్‌లో ఎవరితోనో మాట్లాడాలి. నెల మధ్యలో ఈ పని ఇవాళ్టి నుంచి రేపటికి వాయిదా వేస్తే పోయేదెంత? సున్నా. ఎలాగూ ఈ నెల డబ్బు కట్టేశారు. ఎల్లుండికి వాయిదా వేసినా సున్నాయే. వాయిదా ఖరీదు 300 అయ్యేది నెలలో ఒకే ఒక్క రోజు, బిల్లు పడే ముందు రోజు. ఆ రోజు ఏ తేదీనో ఎవరికీ గుర్తుండదు. మర్నాడు డబ్బు కట్ అయ్యాక చూసుకుని "అయ్యో" అనుకుంటాం, కానీ అప్పటికి వాయిదా ఖరీదు మళ్లీ సున్నాకి వచ్చేస్తుంది. ఇలా ఏ రోజుకారోజు లెక్క సరిగ్గానే ఉంటుంది, ఏడాది చివర మొత్తం మాత్రం 3,600.

కాబట్టి బుద్ధిమంతులు కూడా ఇందులో చిక్కుకుంటారు. క్రమశిక్షణ కన్నా ఆ ఒక్క తేదీ తెలియడం ఎక్కువ పనిచేస్తుంది. సబ్‌స్క్రిప్షన్ పేజీలో "తర్వాతి బిల్లు తేదీ" ఎంత మూలన, ఎంత చిన్న అక్షరాల్లో ఉందో చూస్తే ఆ సంస్థ ఆదాయం దేనిమీద నిలబడిందో చాలావరకు అర్థమవుతుంది.

గమనించకపోవడం అమ్మేవాళ్లకి ఎంత లాభమో కొలిచిన పరిశోధన కూడా ఉంది. లిరాన్ ఐనావ్, బెంజమిన్ క్లోపాక్, నీల్ మహోనీ 2023లో బయటపెట్టిన పత్రంలో పది పేరున్న సబ్‌స్క్రిప్షన్ సేవల కార్డు చెల్లింపులు పరిశీలించారు. వాళ్లు పట్టుకున్న కిటుకు చక్కగా ఉంటుంది. కార్డు గడువు తీరో, పోయో కొత్త కార్డు వచ్చినప్పుడు కొత్త నంబరు ఇవ్వాల్సి వస్తుంది. అంటే ఆ నెల కొనసాగడానికి ఏదో ఒకటి చెయ్యాలి. సరిగ్గా ఆ నెలల్లోనే రద్దులు ఒక్కసారిగా పెరిగాయి. సేవ మారలేదు, ధర మారలేదు, కేవలం ప్రశ్న ఎదురైంది. దాన్నిబట్టి వాళ్లు వేసిన అంచనా ప్రకారం, గమనించకపోవడం వల్ల ఆయా సంస్థల ఆదాయం 14 శాతం నుంచి 200 శాతానికి పైదాకా పెరుగుతోంది.

"కార్డు మారితే అదే ఆగిపోతుందిలే" అనే ధీమా ఇప్పుడు పనికిరాదు. వీసా, మాస్టర్‌కార్డ్ రెండింటికీ కార్డు అప్‌డేటర్ సేవలున్నాయి. బ్యాంకు, వ్యాపారి ఇద్దరూ అందులో ఉంటే కొత్త నంబరు, కొత్త గడువు వ్యాపారికి నేరుగా చేరిపోతాయి. చెల్లింపు ఫెయిలైనా ఒక్కసారితో వదలరు, కొన్ని రోజుల తేడాతో మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తారు. ఖాతాలో డబ్బు పడిన రోజు అది కట్ అవుతుంది.

ఇంకో చిన్న విషయం ఈ మతిమరుపుని పెంచి పోషిస్తుంది. స్టేట్‌మెంట్‌లో కనబడే పేరు చాలాసార్లు సేవ పేరు కాదు, వెనక ఉన్న కంపెనీదో చెల్లింపు గేట్‌వేదో అయ్యుంటుంది. గుర్తుపట్టని చిన్న మొత్తాన్ని కన్ను దాటేస్తుంది.

నెలవారీ, వార్షికం రెండింటిలో మరపుకి ఎక్కువ ఆస్కారం వార్షికంలోనే. నెలవారీది ఏడాదికి పన్నెండుసార్లు స్టేట్‌మెంట్‌లో కనబడుతుంది. వార్షికం ఒక్కసారే, అదీ చేరిన సంగతి మరిచిపోయాక. పైగా మొదటి ఏడాది తగ్గింపు రెండో ఏడాది ఉండదు. పాత కస్టమరు దగ్గర ఏటా కొంచెం కొంచెం ధర పెంచుకుంటూ పోయి, కొత్తగా వచ్చినవాడికి మాత్రం తక్కువకి ఇవ్వడం బీమా రంగంలో ఎంత ముదిరిందంటే, బ్రిటన్ ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ 2022 జనవరి 1 నుంచి ఇల్లు, వాహన బీమాల్లో దాన్ని నిషేధించాల్సి వచ్చింది. రెన్యువల్ ధర, అదే మనిషి కొత్తగా చేరితే పడే ధరని మించకూడదని నియమం పెట్టారు. ఆ నిషేధం లేని సేవల్లో మీరే ఒక పని చెయ్యొచ్చు: లాగిన్ కాకుండా, కొత్త కస్టమర్‌లా ధర చూడండి. మీరు కడుతున్నదానికన్నా తక్కువ కనిపిస్తే బేరానికి మీ చేతిలో ఆధారం ఉన్నట్టే.

మానేద్దామని కూర్చున్న రోజు

ఇక్కడ మాత్రం తప్పు వినియోగదారుడి మీద నెట్టడం అన్యాయం. చేరడానికి ఒక బటన్, మానడానికి అష్టకష్టాలు. బాగా బయటపడిన ఉదాహరణ అమెజాన్ ప్రైమ్‌ది. అమెరికా వ్యాపార నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ 2023 జూన్‌లో వేసిన ఫిర్యాదు ప్రకారం, ఆన్‌లైన్‌లో రద్దు చేసే దారికి సంస్థ లోపల "ఇలియడ్" అని పేరు పెట్టుకున్నారు, ఆ పొడవాటి గ్రీకు యుద్ధకావ్యం పేరే. నాలుగు పేజీలు, ఆరు క్లిక్కులు, పదిహేను ఆప్షన్లు. 2025 సెప్టెంబరులో కేసు 250 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. అందులో 100 కోట్లు జరిమానా, 150 కోట్లు వినియోగదారులకు వాపసు.

ఇలాంటి పేజీల్లో మనుషులు సాధారణంగా ఎక్కడ జారిపోతారంటే, మొదటి పేజీలో "రద్దు" నొక్కగానే పని అయిపోయిందనుకుంటారు. రెండో పేజీ మీరు పోగొట్టుకునే సౌకర్యాల జాబితా. మూడోది తగ్గింపు ధరో, "కొన్నాళ్లు ఆపి ఉంచండి" అన్న ఆఫరో. ఇందులో మెరిసే బటన్ ఎప్పుడూ కొనసాగించేదే, రద్దుది బూడిదరంగు అక్షరాల్లో ఉంటుంది. చివరి పేజీలో ఇంకోసారి నిర్ధారిస్తేనే రద్దు. "పాజ్" నొక్కినవాళ్లు రద్దు చేశామనుకుంటారు. పాజ్ అంటే గడువు తీరగానే డబ్బు కట్ అవడం మళ్లీ మొదలవుతుంది.

చట్టాలు ఎక్కువగా ఈ మూడో రోజునే సరిచేస్తున్నాయి. జర్మనీలో 2022 జులై 1 నుంచి ఆన్‌లైన్‌లో చేరే ఒప్పందాలకి వెబ్‌సైట్‌లోనే రద్దు బటన్ తప్పనిసరి. అదే ఏడాది మార్చి 1 నుంచి కుదిరిన ఒప్పందాలు మొదటి గడువు తర్వాత మళ్లీ ఏడాదికి బిగుసుకోకూడదు, నెల నోటీసుతో ఎప్పుడైనా బయటికి రావచ్చు. అమెరికాలో చేరినంత తేలిగ్గా రద్దు ఉండాలని ఎఫ్‌టీసీ 2024 అక్టోబరులో నియమం తెచ్చింది. ముఖ్యమైన నిబంధనలు అమలుకి రాకముందే, 2025 జులైలో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. ఆన్‌లైన్ కొనుగోలుదారుల కోసం 2010లో తెచ్చిన చట్టం మాత్రం ఇంకా ఉంది, అమెజాన్ కేసు ప్రధానంగా దానిమీదే నడిచింది.

నా అభిప్రాయంలో రెండో రోజుని సరిచేసే నియమాలే ఎక్కువ పనిచేస్తాయి. డబ్బు కట్ అయ్యే ముందు చెప్పడం అలాంటిది. భారత రిజర్వ్ బ్యాంక్ నియమం 2021 అక్టోబరు నుంచి ఇదే చేస్తోంది: కనీసం 24 గంటల ముందు సమాచారం ఇవ్వాలి, వద్దనుకుంటే ఆపుకునే వీలుండాలి. రద్దు బటన్ ఎంత పెద్దదైనా, తేదీ గుర్తులేనివాడు దాని దగ్గరికి రాడు.

ఇక చేయాల్సినవి

ఉచిత ట్రయల్‌లో చేరితే అదే రోజు, అదే కూర్చోవడంలో రద్దు చేసెయ్యండి. చాలా సేవల్లో రద్దు చేసినా గడువు చివరిదాకా వాడుకోనిస్తారు. కొన్ని ట్రయల్స్ మాత్రం రద్దు చేసిన నిమిషంలోనే ఆగిపోతాయి, ఆ హెచ్చరిక రద్దు పేజీలో ఉంటుంది, చదివి నొక్కండి. అలా ఆగిపోయేదైతే ముగిసే రోజుకి రెండు రోజుల ముందు రిమైండర్ పెట్టుకోండి. ముందు రోజు పెట్టుకుంటే చాలదు. యాపిల్ స్టోర్ ద్వారా తీసుకున్నవాటిని కనీసం 24 గంటల ముందు ఆపాలి, మధ్యలో టైమ్ జోన్ తేడా కూడా ఉంటుంది. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు, యాపిల్‌లోనైనా గూగుల్ ప్లేలోనైనా. స్టోర్ ఖాతాలోని సబ్‌స్క్రిప్షన్ల జాబితాలోకి వెళ్లి ఆపాలి.

నోటీసు గడువున్న ఒప్పందాల్లో జనం ఎక్కువగా దెబ్బతినేది తేదీ లెక్కలో. ఒక లెక్క చూద్దాం. ఒప్పందం మార్చి 10న మొదలైంది, 12 నెలలు, ముగియడానికి 60 రోజుల ముందు నోటీసు ఇవ్వకపోతే ఇంకో ఏడాది. ముగిసేది మార్చి 9న, 10న కాదు. అక్కడి నుంచి 60 రోజులు వెనక్కి లెక్కపెడితే జనవరి 8. "రెండు నెలలే కదా" అనుకుని జనవరి 9న పంపితే ఒక్కరోజు తేడాతో ఏడాది ఫీజు నెత్తిన పడుతుంది. లీపు సంవత్సరమైతే తేదీ మళ్లీ ఒకరోజు జరుగుతుంది. దీనికి తోడు, నోటీసు పంపితే చాలా, వాళ్లకి చేరాలా అన్నది ఒప్పందంలో చూడాలి. చేరాలి అని ఉంటే పోస్టుకి పట్టే రోజులు కూడా తీసెయ్యండి. ఈమెయిల్ చెల్లుతుందా, ఏ చిరునామాకి పంపాలి అన్నవి కూడా ఆ క్లాజులోనే ఉంటాయి. లెక్క తేలిన తేదీకి పది రోజుల ముందు క్యాలెండర్‌లో రాసుకోండి. నిజానికి ఒప్పందం సంతకమైన మర్నాడే "ఈ గడువుతో ముగిద్దాం, పొడిగించవద్దు" అని నోటీసు పంపేయొచ్చు. నోటీసు ఇంతకన్నా ముందు ఇవ్వకూడదని క్లాజు ఉంటే తప్ప ఇది మామూలుగా చెల్లుతుంది. అవసరమైతే అప్పుడు కొత్తగా మాట్లాడుకోవచ్చు, ధర కూడా.

యంత్రాల ఏఎంసీల్లో, అంటే ఏడాది మరమ్మతు ఒప్పందాల్లో, ఇంకో చిక్కుంది. ఇక్కడ జనం ఆపకపోవడానికి కారణం భయం: ఆపిన నెలలోనే పాడైతే? ఆ భయానికి విరుగుడు రికార్డే. గత మూడేళ్లలో ఎన్నిసార్లు పిలిచాం, ఒప్పందం లేకపోతే ఆ పనులకి, పార్టులకి విడిగా ఎంతయ్యేది, ఏయే పార్టులు కవరేజీలో లేవు అని ఒక కాగితం మీద వేస్తే భయం అంకెగా మారుతుంది. రెన్యువల్‌కి ముందు పరికరాల జాబితా కూడా సరిచూడండి. అమ్మేసిన యంత్రానికి, మూలన పడేసిన యంత్రానికి సర్వీసు ఫీజు కడుతూ ఉండటం ఆఫీసుల్లో మామూలే. ఏటా ధర ఇంత శాతం పెరుగుతుందన్న క్లాజు ఉంటే ఐదో ఏడు ఎంతవుతుందో వేసుకోండి. ఏటా 8 శాతం పెరిగితే మొదటి ఏడాది 100 ఉన్నది ఐదో ఏడాదికి 136 అవుతుంది.

రద్దు చేశాక చివరి పేజీ స్క్రీన్‌షాట్, ఈమెయిల్, రద్దు నంబరు దాచుకోండి. ఫోన్‌లో రద్దు చేస్తే తేదీ, సమయం, మాట్లాడినవాళ్ల పేరు రాసుకుని, అదే సారాంశంతో వెంటనే ఒక ఈమెయిల్ పంపండి. ఆ తర్వాతి బిల్లు తేదీ దాటాక స్టేట్‌మెంట్ చూసేదాకా పని పూర్తయినట్టు కాదు.

కార్డు బ్లాక్ చేయించడం, మ్యాండేట్ (డబ్బు తనంతట తానే కట్ అవడానికి బ్యాంకుకిచ్చిన అనుమతి) తీసెయ్యడం డబ్బు పోకుండా ఆపుతాయి, ఒప్పందాన్ని మాత్రం ముగించవు. నోటీసు గడువున్నవాటిలో బాకీ పెరిగి వసూళ్ల వాళ్ల దాకా పోవచ్చు. ముందు రాతపూర్వక రద్దు, తర్వాతే మ్యాండేట్ తీసెయ్యాలి. రద్దు చేశాక కూడా డబ్బు కట్ అయితే మొదట సంస్థకి రాసి వాపసు అడగండి, స్టోర్ ద్వారా తీసుకున్నదైతే స్టోర్‌ని అడగండి. బ్యాంకులో వివాదం వేయడం చివరి మెట్టు. ముందే అటు వెళ్తే కొన్ని సంస్థలు మొత్తం ఖాతానే మూసేస్తాయి, అందులో మీరు కొన్న ఇతర వస్తువులు కూడా పోతాయి.

ఏడాదికి ఒకసారి స్టేట్‌మెంట్ తిరగేసేటప్పుడు 12 నెలలది చాలదు, 13 నెలలది తీయండి. వార్షిక చెల్లింపు ఒకటి రెండు రోజులు అటూ ఇటూ జరిగితే 12 నెలల కిటికీలోంచి తప్పించుకుంటుంది. ప్రతిదాని పక్కనా చివరిసారి వాడిన తేదీ రాయండి. "పనికొస్తుందా?" అని అడిగితే అన్నీ పనికొచ్చేవే అనిపిస్తాయి. "ఇవాళ లేకపోతే ఈ ధరకి కొత్తగా చేరతానా?" అని అడగండి.

అన్నీ ఆపేయమని చెప్పడం లేదు. ఆగితే నష్టం ఫీజుకన్నా ఎన్నో రెట్లుండే సేవలకి ఆటో రెన్యువల్ ఉంచడమే మంచిది: బీమా, ఫొటోలూ ఫైళ్లూ దాచుకునే స్టోరేజీ, డొమైన్ పేరు (వెబ్‌సైట్ చిరునామా). వీటిలో ప్రమాదం తిరగబడి ఉంటుంది, కార్డు ఫెయిలై రెన్యూ కాకపోవడమే ఇక్కడ ముప్పు. డాట్ కామ్ లాంటి డొమైన్ గడువు తీరాక రిజిస్ట్రీ (ఆ పేర్లన్నిటి జాబితా నడిపే సంస్థ) స్థాయిలో 45 రోజుల దాకా వెసులుబాటు ఉంటుంది గానీ అందులో మీకు ఎన్ని రోజులు ఇవ్వాలో రిజిస్ట్రార్ (మీకు ఆ పేరు అమ్మిన సంస్థ) ఇష్టం. తొలగించాక 30 రోజుల్లో అదనపు రుసుము కట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు, ఆపై 5 రోజులకి పేరు ఎవరైనా తీసుకోవచ్చు. అందుకే వీటికి రెండో కార్డు కూడా నమోదు చేసి, హెచ్చరికలు వచ్చే ఈమెయిల్ ఆ డొమైన్ మీదే ఆధారపడనిదై ఉండేలా చూసుకోండి. డొమైన్ ఆగితే ఆ ఈమెయిలూ ఆగుతుంది, హెచ్చరికలు మీదాకా రావు.